ముందు అనే గడి

కాగితం మీద మూడు నిలువు గడులు గీస్తాను.
ముందు. అప్పుడు. తర్వాత.
నా ఉద్యోగమంతా ఆ మూడింట్లోనే.

డులూత్ ఊళ్ళో, కొండవాలు బడిలో,
నాలుగో తరగతి వెనక బల్ల దగ్గర
పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంటాను,
ఒక పిల్లవాడు కుర్చీ ఎప్పుడు విసురుతాడా అని.
వినడానికి బాగోదు.
కాచుకుని కూర్చోకపోతే తెలియదు.

వెండెల్‌కి తొమ్మిదేళ్ళు. మాటలు రావు.
నవ్వు వస్తుంది, తీసివేతలు వస్తాయి,
ఎవరి బూటు లేసు ఊడిందో
అందరికన్నా ముందు కనిపెట్టడం వస్తుంది.

మొదటి వారం పదకొండు కుర్చీలు.
"అప్పుడు" గడి నిండిపోయింది:
విసిరాడు, అరిచాడు, బల్ల తన్నాడు,
మార్లిస్ మణికట్టు కొరికాడు.
"తర్వాత" గడి ఇంకా సులువు, ప్రతిసారీ ఒకటే మాట:
నడవలోకి పంపించాం.
"ముందు" గడిలో మాత్రం
ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు.
నా చేతిరాతే నన్ను వెక్కిరించింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మేమేమో పొగను కూర్చోబెట్టి
బుద్ధులు చెబుతున్నాం.

రెండో వారం మార్లిస్ అంది, చేతి కట్టు సర్దుకుంటూ,
"వంతెన కూసినప్పుడల్లా వీడి ఒళ్ళు బిగుసుకుంటోంది."
ఏ కూత?
ఇరవై ఏళ్ళుగా ఈ రేవులో ఉన్న చెవులు నావి.
ఎప్పుడో వినడం మానేశాయి.

ఓడల రాకపోకల పట్టిక తెచ్చి
నా కాగితం పక్కన పరిచాను.
పది ఇరవై రెండు, ఇనుపరాయి కోసం వచ్చిన ఓడ.
పది ఇరవై మూడు, కుర్చీ.
వంతెన లేచే వేళా, కుర్చీ లేచే వేళా ఒకటే.

భయం, అన్నారు అందరూ. నేనూ అన్నాను.
చెవులకి మెత్తటి మూతలు కొనిచ్చాం.
ఆ వారం ఇరవై కుర్చీలు.
మూతల్ని రెండు ముక్కలు చేసి హాల్వర్సన్ టీచరు బల్ల మీద
పద్ధతిగా, పక్కపక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం బడి ఖాళీ అయ్యాక
నడవలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను,
వాడి ఎత్తుకు.
చివర ఒక కిటికీ.
కిటికీ నిండా సరస్సు, వంతెన,
వంతెన కింద నుంచి తాపీగా జారిపోతున్న
ఎర్రటి, పొడుగాటి ఓడ.
శిక్ష అని మేం పేరు పెట్టిన చోటు
బడి మొత్తంలో నీళ్ళు కనిపించే ఒకే ఒక్క చోటు.

వాడు అడుగుతూనే ఉన్నాడు.
కుర్చీతో అడిగితేనే తలుపు తీస్తామని
నేర్పింది మేమే.

ఓడ బొమ్మ అతికించిన అట్టముక్క ఒకటి చేశాం.
కూత వినగానే మార్లిస్ చెయ్యి వాడి మోచేతి కింద,
మరో వారానికి రెండు వేళ్ళు,
ఆ తర్వాత ఉత్త చూపు, ఆ తర్వాత అదీ లేదు.
"గోల చేసినవాడికి బహుమానమా?" అన్నాడు ప్రిన్సిపాలు.
ఇన్నాళ్ళూ ఇచ్చింది అదేనండీ అన్నాను,
ఇప్పుడు అడిగినందుకు ఇస్తున్నాం.

ఇంత తెలిసినదాన్ని కాదు ఒకప్పుడు.
ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, సంతోషమొస్తే చేతులాడించే ఒక పాపకి
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేర్పాను.
చక్కగా నేర్చుకుంది.
ఆ గ్రాఫు ఇంకా నా సొరుగులో ఉంది,
మెట్లు దిగినట్టు సున్నా దాకా దిగిన గీత.
అప్పట్లో అందరికీ చూపించేదాన్ని.

జనవరి చివరికి సరస్సు గడ్డకట్టింది.
ఓడల్లేవు, కూతల్లేవు. కుర్చీలూ లేవు.
ఒక మంగళవారం, లెక్కల పీరియడ్ మధ్యలో,
వెండెల్ లేచి వచ్చి అట్టముక్క నా చేతిలో పెట్టాడు.
ముందు: ఏమీ లేదు.
ఈసారి నిజంగానే ఏమీ లేదు.

మార్లిస్ నా వంక చూసింది.
వెళ్ళాం ముగ్గురం.
తెల్లగా, ఎక్కడా అంచు లేని మంచు.
వాడు అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.
నేను ఒకటి, రెండు, మూడు నిమిషాలు లెక్కపెట్టి
ఎక్కడో వదిలేశాను.

తర్వాత వెనక్కి తిరిగి, వంగి,
నా ఎడమ బూటు వైపు వేలు చూపించాడు.
లేసు.
కట్టుకోవడానికి పెన్సిలు నేల మీద పెట్టాను.