ఇతరములు

అంబర్‌పేట సర్కిల్ ఆఫీసు, కింది అంతస్తు,
మూడో కౌంటర్ నాది.
కుక్కలకొక కోడు ఉంది, దోమలకొకటి,
మ్యాన్‌హోల్ మూతకు రెండు: పగిలినది, పోయినది.
ఇంటి గుట్టు మా గుమ్మం దాటి వీధిన పడితే
దానికి కోడు పెట్టలేదెవరూ.
‘ఇతరములు’లో వేస్తాను.

సోమవారం, ప్రజావాణి రద్దీ సద్దుమణిగాక
గడ్డం నవనీత వచ్చింది,
బతుకమ్మకుంట దగ్గర ఆటో దొరక్క నడిచి.
ఫోన్ నా అద్దానికి ఆనించి స్పీకర్ పెట్టింది.
“మేడమ్, బాబుకి ఆరో నెల కదా!
అన్నప్రాశన ఫోటోషూట్ మీద ఆఫర్ నడుస్తోంది...”
కట్ చేసింది.

“పొద్దుగాల డైపర్లోళ్లు. నిన్న ఇన్సూరెన్సోళ్లు.
పిలగాడు పదకొండు రోజులే ఉన్నడు సార్.
పేరు గూడ పెట్టలే.
ఈ నంబర్ నేను ఈడ తప్ప ఏడ రాయలే.
గీళ్లకెట్ల దొరికింది?”

పుట్టిన కాగితం మా దగ్గరే ఉంది,
పోయిన కాగితమూ మా దగ్గరే.
బయటికెళ్లింది మొదటిదొక్కటే.
రెండోదాన్ని ఎవరూ అడగరు,
దాంతో బేరం లేదు.

ఎట్లా దొరికిందో నాకు తెలుసు.
శ్రావణంలో ఒక కుర్రాడు, మెడలో ట్యాగు,
చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా.
“అన్నా, ఊరికే సర్వే కోసం, ఒక్క ఎక్సెల్ షీటు.”
మా ఏజెన్సీ జీతాలేసి అప్పటికి మూడు నెలలు.
పెన్‌డ్రైవ్ బొటనవేలి గోరంత ఉంది.
రెండు వేల నూట ఆరు వరసలు
ఒక తుమ్ము తుమ్మేలోగా ఎక్కిపోయాయి.
బిస్కెట్లు సెక్షనంతా పంచుకున్నాం.
నాది చాయ్‌లో విరిగి అడుగున కూర్చుంటే
చెంచాతో తీసుకుని మరీ తిన్నాను.

ఇప్పుడు ఫిర్యాదు ఎక్కించాలి.
పేరు, ఆధార్, మొబైల్. పక్కన ఎర్ర చుక్కలు.
నంబర్ చెప్పమ్మా, అన్నాను.
నా మొహంలోకి చూసింది.
“మల్లనా?”

ఖాళీ వదిలితే స్క్రీను కదలదు.
పది సున్నాలు కొడితే చెల్లదంది.
ఆమె కొంగుతో మెడ తుడుచుకునేలోపు
నా నంబర్ కొట్టాను.
ఓటీపీ నా జేబులో మోగింది.
చెబుదామనుకున్నాను. గొంతు దాకా వచ్చింది కూడా.
“ఏడు రోజులు పడుతుంది” అన్నాను.
“మంచిది సార్” అని చేతులు జోడించింది.
ఆ దండం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడో రోజు, మెస్‌లో పప్పన్నం కలుపుతుంటే
రికార్డు గొంతు ఫోన్ చేసింది:
మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.
సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి.
చేయి ఎంగిలి.
అది ఇంకోసారి చెప్పింది, ఇంకోసారి, ఆగిపోయింది.

ఆ షీటులో మాత్రం పిల్లాడు పెరుగుతున్నాడు.
వచ్చే నెల పాకుతాడు,
ఎండాకాలానికి అడుగులేస్తాడు.
మూడేళ్లకి స్కూలు వాళ్లు ఫోన్ చేసి
అడుగుతారు ఆమెను,
బాబు పేరేంటి మేడమ్, అని.