పదకొండు గంటల ఈల

నల్ల సముద్రం ఒడ్డు నుంచి గంటన్నర ఎక్కితే
మా లోయ.
వ్యాను నాదే. టికెట్లు చింపేదీ నేనే,
మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లకి నిమ్మచెక్క ఇచ్చేదీ నేనే,
పైకి చేరాక అనువాదమూ నేనే.

ఇక్కడి మనుషులు ఈలతో మాట్లాడుకుంటారని
కరపత్రంలో ఉంది.
అబద్ధం కాదు.
ఈ కొండ మీద ఒక ఇల్లు, ఆ కొండ మీద ఒక ఇల్లు,
నడుమ గొంతు చేరని లోతు.
కేకేస్తే మాట దారిలోనే అలిసి వాగులో పడిపోతుంది.
ఈల పడదు.
నాలుక మడిచి, పళ్ల కింద రెండు వేళ్లు పెట్టి
"గొడ్డలి ఉందా?" అంటే
అక్షరం చెడకుండా అవతలి గుమ్మంలో వాలుతుంది.

సెల్ టవర్ వచ్చాక ఈలకు పని పోయింది.
పని పోయినదాన్నే సంస్కృతి అంటారని
జిల్లా ఆఫీసు నెజ్దెత్ గారి వల్ల మాకు తెలిసింది.

ఆయన పటం పరిచి రెండు చుక్కలు పెట్టాడు.
ఇటు యాకూప్, అటు ఫెర్హుందే.
ఇద్దరికీ ఎర్ర నడుంపట్టీలు కుట్టించాడు.
మా ఊళ్లో ఎవరి తాతా కట్టలేదు అలాంటివి.
ఫొటోకి బాగుంటుందట.
రోజూ పదకొండింటికి ప్రదర్శన. కాగితం మీద సంభాషణ:
"ఫెర్హుందే, మూడు రొట్టెలు పంపు."
"పంపుతున్నా, యాకూప్."
అంతే. చప్పట్లు. తర్వాత టీ.

ఆయనకెవరూ చెప్పలేదు,
ఒక్క తల్లి బిడ్డలైన ఆ ఇద్దరికీ
పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవని.
వాగు పక్క ఏడు హేజెల్ పొదలు ఎవరి వాటా అన్న గొడవ.
కోర్టు మెట్లెక్కింది, మసీదు అరుగెక్కింది.
పొదలు ఎప్పుడో ఎండిపోయాయి.
గొడవ మాత్రం పచ్చగానే ఉంది.

మొదటి వారం కాగితం ప్రకారమే నడిచింది.
ఈలలో ముఖం చూపించక్కర్లేదు కదా.
రెండో వారం ముసలాడు రొట్టెలడిగి
చివర్న చిన్న ముక్క తగిలించాడు:
"నాన్న కొడవలి కూడా."
జవాబు ఆలస్యంగా వచ్చింది, పదునుగా:
"అడిగే నోట్లో పళ్లున్నాయా ఇంకా?"

నలభై మంది ఫోన్లెత్తి పట్టుకున్నారు.
జర్మనీ ఆవిడ నా మోచెయ్యి లాగింది, ఏమంటున్నారని.
"మీకు స్వాగతం అంటున్నారు" అన్నాను.

అలా వేసవంతా
స్వాగతం పేరిట పోట్లాడుకున్నారు వాళ్లు.
పొదల లెక్క, చచ్చిపోయిన ఆవు లెక్క,
అమ్మ పోయిన రాత్రి ఎవరు ముందొచ్చారన్న లెక్క.
నేను తిప్పి చెబుతూ పోయాను:
"వాన రాదంటున్నారు."
"తేనె మంచిది, కొనుక్కోండి అంటున్నారు."

ఒకరోజు యాకూప్ ఈల సగంలో తెగింది.
వేళ్లు నోట్లోనే ఉన్నాయి, గాలి రాలేదు.
అవతలి నుంచి ఒక్కటే శబ్దం, పొట్టిది,
తప్పిపోయిన మేకపిల్లని పిలిచేది.
"అది చాలా పాతది, నాకు రాదు" అన్నాను అందరితో.
ఆ రోజు తేనె బాగా అమ్ముడుపోయింది.

నవంబరులో కొండ విరిగి దారి మూసుకుంది.
బురద, మంచు, ఒక్క బస్సూ లేదు.
ప్రదర్శన మళ్లీ మే నెలలోనే,
జీతం కూడా అప్పుడే అని నెజ్దెత్ గారి ఫోను.
ఆ సంగతి చెబుదామని ఎక్కాను.
ఎర్ర పట్టీ మేకుకి వేలాడుతోంది.
ముసలాడు గోడ గడియారం చూశాడు.
చిరుగుల స్వెట్టర్‌తోనే అరుగు మీదికెళ్లి
నాలుక మడిచాడు.

"మూడు రొట్టెలు పంపు."

లోయ నిండా పొగమంచు. అవతలి కొండ ఉందో లేదో.
చాలా సేపు ఏమీ లేదు.
తర్వాత తీగ వణికింది,
టీ ఆకు మూటలు దాటించే ఇనప తీగ.
కిర్రుమంటూ ఒక బుట్ట, మీద తువ్వాలు,
తువ్వాలు కింద వేడి వదలని మొక్కజొన్న రొట్టెలు
రెండు.

ముసలాడు బుట్ట అడుగు దాకా తడిమాడు.
అప్పుడొచ్చింది ఈల, తాపీగా:
"మూడోది పొదల కింద జమ."