గుండీల లెక్క

ఎడమ పక్కకు ఒరిగి పడుకున్న. అన్నం తిని పావుగంట.
మంచం మీద రెండు డబ్బా మూతలు:
ఒక దాంట్ల పది గుండీలు, ఒకటి ఖాళీ.
లోపల తన్నినప్పుడల్లా ఒక గుండీ అటు.
రెండు గంటల్ల పదీ దాటాలె,
దాటకపోతే ఆటో ఎక్కాలె.

ఆడో మగో అడగొద్దని గోడ మీదే రాసి ఉంటది.
ఊపిరితిత్తి ఎంతుందో మాత్రం చెప్తరు, మిల్లీమీటర్లల్ల.
పొట్టకూ ఛాతికీ నడుమ పొర
ఎడమవైపు కలవలేదంట.
పేగులు పైకెక్కి, గుండె కుడికి జరిగి,
ఊపిరికి జాగ చాల్తలేదంట.
పదహారేండ్ల నుంచి జాకెట్లు కుడుతున్న,
కుట్టు తప్పిన చోటు చీకట్ల తడిమినా దొరుకుతది.
ఆ తెర మీద బూడిదరంగు తప్ప ఏం కానరాలే.
"ఇంచులల్ల ఎంత మేడమ్?" అన్న.
డాక్టర్ తస్నీమ్ నవ్వబోయి, ఆగి,
వేలి కొస చూపించింది.

మా అత్త ఒక్కసారే అడిగింది:
"గ్రహణం పూట కత్తెర పట్టినవా?"
పట్టిన. వారాసిగూడ పెండ్లి ఆర్డరు, పదకొండు జాకెట్లు,
తెల్లారితే ఇయ్యాలె.
దానికీ దీనికీ సంబంధం లేదని
మేడమ్ కాయితం మీద బొమ్మ గీసి చెప్పింది.
నమ్మిన.
అయినా కత్తెర అందుకున్నప్పుడల్లా
దాని బరువు తెలుస్తది.

మంగళవారం మంగళవారం మెట్టుగూడల మెట్రో ఎక్కుడు,
అమీర్‌పేటల మారుడు.
శ్రీశైలం నా చెయ్యి పట్టుకోడు, ఫైలు పట్టుకుంటడు
గాజుసామాను లెక్క.
వరుసల నా వెనక కూసునే ఫర్హీన్,
కవల పిల్లలు, ఖర్జూరాలు పంచేది,
పోయిన వారం రాలే.
ఎవరినీ అడగలే.

పుట్టంగనే గొంతుల గొట్టమేసి తీసుకపోతరట,
బట్ట తొడిగేది ఉండదట.
అయినా ఒక జుబ్బ కుట్టిన, తెల్ల మల్‌మల్‌ది,
ఎడమవైపు మొత్తం తెరిచి, ముడేసే దారాలు పెట్టి.
లోపల అర ఇంచు గుడ్డ వదిలిన.
పెరిగితే విప్పుకోవచ్చు.

తొమ్మిది గుండీలు అటు పోయినయి.
చల్లనీళ్లు తాగిన. పేరు పెట్టలేదు గదా,
ఏమని పిలవాల్నో తెల్వక, "ఓయ్" అన్న.
శ్రీశైలం గోడ దిక్కు తిరిగి
నిద్రపోయినట్టు చేస్తున్నడు.
పట్టాల మీద గూడ్సు పోయింది.
అది తన్నిందో, మంచం అదిరిందో.

గుండీ అటు వేసిన.
మళ్ల ఇటు తీసిన.
కొలత కాడ అబద్ధమాడితే ఏదీ ఒంటికి పట్టది.
ఇంక పన్నెండు నిమిషాలున్నయి.