రెండు మంచాల గది

పాత గ్రంథాలయం గదికి సున్నం కొట్టించి
రెండు మంచాలు వేశారు మాకు.
ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక ఈసీజీ డబ్బా,
గుమ్మం ముందు కాలు ఊగే బెంచీ.
దీపాలవేళ తెరుస్తాం, తెల్లారాక మూస్తాం.
ఏడాదైందని కాకినాడ నుంచి ఓ అబ్బాయి వచ్చాడు
కాగితాలు పట్టుకుని,
ఈ లంకలో ఈ గది ఉండాలో వద్దో తేల్చడానికి.

"అరవై దాటినవాళ్ళు ఎంతమంది వచ్చారు సిస్టర్?"
నాలుగు వందల పన్నెండు.
"పెద్దాసుపత్రికి ఎంతమందిని పంపారు?"
తొంభై ఒకటి.
"మూడు రోజుల్లోపు మళ్ళీ వచ్చినవాళ్ళు?"
రిజిస్టరు తిప్పాను.

ఓలేటి దానమ్మ గారు ఏడుసార్లు వచ్చారు.
రెండుసార్లు షుగర్ పడిపోయింది, ఒకసారి తేలు.
మిగతా నాలుగింటికీ ఏం రాయాలో తెలీక
"ఆయాసం" అని రాశాను.
మంచం మీద కూర్చోగానే తగ్గేది ఆ ఆయాసం.
"అంటే అవసరం లేని రాకలు" అన్నాడు.
ఆ గడిలో టిక్కు పెట్టమంటే
నా పెన్నులో ఇంకు లేదన్నాను.

గది లేనప్పటి సంగతి అతను అడగలేదు. నేనే చెప్పాను.
రాత్రి ఎనిమిదికి పంటు ఆగిపోతుంది.
తొమ్మిదింటికి నొప్పొస్తే నాటుపడవ,
దిగాక ఇసకలో అర మైలు మంచం మోత,
గట్టెక్కి నూటెనిమిది కోసం ఎదురుచూపు,
తెల్లారేసరికి క్యాజువాలిటీ వరండాలో
గోడకి ఆనించిన స్ట్రెచరు.
నలభై ఏళ్ళు పంటు నడిపిన గుత్తుల ఏడుకొండలు గారు
ఒంటేలు బిగిసి అక్కడికెళ్ళి
పదకొండు గంటలు పడున్నారు.
ట్యూబులైటు కింద పగలో రాత్రో తెలీక
"ఏ రేవమ్మా ఇది?" అని
వచ్చేపోయే ప్రతి తెల్లకోటునీ అడిగారట.
జబ్బు నయమై వచ్చింది.
ఆ ప్రశ్న నయం కాలేదు.
ఇప్పటికీ అన్నం పెట్టే కోడల్ని అడుగుతారు.

మొన్న శ్రావణంలో మళ్ళీ బిగిసింది.
ఇక్కడే గొట్టం వేశాను, పావుగంట.
"ఏ రేవమ్మా?"
"మన రేవేనండి ఆయ్" అన్నాను.
కిటికీలోంచి ఏటి వాసన వచ్చింది.
నమ్మి నిద్రపోయారు.

"అయితే గది మంచిదే" అని రాసుకోబోయాడు.
ఆగు బాబూ,
నూట ముప్ఫై ఏడో పేజీ కూడా చూడు.
చిక్కాల వీరరాఘవులు గారు, డెబ్భై నాలుగు.
కడుపులో మంట, పనసపొట్టు కూర ఎక్కువైందన్నారు.
ఈసీజీ గీత తిన్నగానే ఉంది.
ఫోన్లో డాక్టరు గారూ తిన్నగానే ఉందన్నారు.
మాత్ర ఇచ్చి పడుకోబెట్టాను.
మూడున్నరకి చెమటలు.
పడవవాణ్ణి లేపి తెచ్చేసరికి నాలుగున్నర.
ఏరు సగం దాటాక
తెడ్డు ఆపిన చప్పుడు విన్నాను.
ఆపితే చప్పుడేముంటుందని అడక్కు.

ఈ గదే లేకపోతే
తొమ్మిదింటికే పడవ ఎక్కించేవాళ్ళేమో.
ఎక్కించేవాళ్ళు కాదేమో.
దినవారాలయ్యాక వాళ్ళావిడ సుగుణమ్మ గారు
బీపీ చూపించుకోడానికి వచ్చారు.
ఎవరూ లేనట్టు నా దగ్గరికే వచ్చారు.
పట్టీ చుడుతూ తలెత్తలేకపోయాను.
"నూట నలభై అండి."
"మరి నీకెంతుందమ్మా?" అన్నారు.

అబ్బాయి పెన్ను మూశాడు.
చాలాసేపటికి, "ఇది ఏ గడిలో రాయమంటారు?"
గది ఉండాలా వద్దా అని కాదు బాబూ,
గది పక్కన రాత్రంతా కట్టేసి
ఓ ఇంజను పడవ ఉండాలి.
ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో
తప్పు చేసే అదృష్టం నాకుండాలి,
తప్పు దిద్దుకునే దారి వాళ్ళకుండాలి.
ఆ గడి నీ కాగితంలో లేకపోతే
వెనకవైపు రాయి.

ఆఖరి పంటు కూత వేసింది.
అతను సంచీ సర్దుకుంటుంటే
గుమ్మం ముందు బెంచీ కిర్రుమంది.
దానమ్మ గారు. ఎనిమిదోసారి.
"ఏమైందండీ?"
"నాకేం తెలుసే, నువ్వు చూసి చెప్పు" అన్నారు,
అప్పుడే చెయ్యి చాపేసి.