వేలు పడనేదు

కాశీబుగ్గలో ఆ మూల డిపో నాది.
అందరి సంచిలోంచీ ముప్పావుకిలో కొట్టేవాణ్ణి,
గోనె బరువనీ, తరుగనీ, ఎలకలనీ.
ఎలకలు నిజమే.

పదకొండేళ్ళయింది మా ఆవిడ ఇచ్ఛాపురం వెళ్ళి.
పండక్కి వెళ్ళిందనే చెబుతున్నాను ఇప్పటికీ.
ఏ పండగని అడగడం
మానేశారు జనం.

మధ్యాన్నం కూతకి
జీడి బట్టీలోంచి తవిటమ్మ వస్తుంది.
కార్డులో ఒక్కటే పేరు. అయిదు కిలోలు.
బూడిద రాసుకున్నా, ఆముదం పట్టించినా
జీడిరసం తినేసిన వేళ్ళు,
అరిగిపోయిన అర్ధరూపాయిలా
బొమ్మా లేదు, బొరుసూ లేదు.

మొదటి నెల మిషను నిజంగానే ఒప్పుకోలేదు.
నా తువ్వాలుతో తుడిచి పెట్టేను,
అద్దం మీద ఊపిరి ఊది పెట్టేను,
బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి,
మళ్ళీ బొటనవేలు.
అంతసేపు ఒక చెయ్యి పట్టుకుని
ఎన్నేళ్ళయిందో.
"పడనేదా బాబూ?"
"పడనేదు. రేపు రా."

తువ్వాలు మీద నల్లటి మరక మిగిలింది.
జీడి మరక ఉతికినా పోదంటారు.
ఉతికి చూడలేదు.

రెండో నెల
పెట్టీపెట్టగానే పడింది.
ఆకుపచ్చ దీపం వెలిగింది.
మిషన్ని నా వైపు తిప్పుకుని
రద్దు మీట నొక్కి
"పడనేదు" అన్నాను.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.
గడప మీద కూర్చుని
పాసింజరు కూతకి మాట ఆపి
మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేది:
బద్ద విరిగితే మేస్త్రీ కూలి కొయ్యడం,
వజ్రపుకొత్తూరులో తన పడవ మనిషి
ఇంకో పొయ్యి దగ్గర అన్నం తింటూండడం,
తనూ ఒకసారి ఎవడితోనో సోంపేట దాకా పోయి
బస్సు డబ్బులకి చెవిదుద్దు అమ్ముకుని తిరిగిరావడం.
"నానేటి మంచిదాన్నా బాబూ" అని నవ్వేది.
వింటూ నేను కాటా పళ్ళెం తుడిచేవాణ్ణి,
తుడిచిందే తుడిచేవాణ్ణి.

ఆమెకి మాత్రం నిండు తూకం.
పైన ఇంకో గుప్పెడు.
దాన్నే ప్రేమ అనుకున్నాను.
కాదనడానికి ఇంట్లో ఎవరున్నారు?

నాలుగో నెల, మూడో రోజు,
వేలు అద్దం మీద అలాగే ఉంచి అంది:
"నీ కళ్ళజోడులో పచ్చగా ఎలిగింది బాబూ.
పోయిన నెలా ఎలిగింది."

బయట ఎవరో స్కూటరు తన్నుతున్నారు.
అది అంటుకోడం లేదు.

"ఒక్కపాలి వస్తే అరపూట కూలి పోద్ది నాకు.
ఏడుపాళ్ళు. లెక్కెట్టుకో."

లెక్కపెట్టేను. డ్రాయరులోంచి తీసి ఇచ్చేను,
ఎవరెవరి ముప్పావుకిలోలో ఆ నోట్లు.
ఒక్కొక్కటీ వెలుగుకి పట్టి చూసుకుని
కొంగున ముడేసుకుంది.
తిట్టలేదు.
తిడితే బావుణ్ణు, జవాబు నాలుగు నెలల్నుంచీ
సిద్ధంగా ఉంది నా దగ్గర.

మిషను రసీదు కక్కింది.
బియ్యం కొలిచేను.
సంచి నెత్తికెత్తుకోబోతూ ఆగి
కాటా వైపు చూసింది.
"పక్కింటి ముసల్ది, బోడెమ్మ.
దాని సంచి కూడా ఇలాగే తూసీ."

వెళ్ళిపోయింది.

మళ్ళీ ఒకటో తారీఖు దగ్గరపడుతోంది.
ఎలకల మందు కొన్నాను.
మిషన్ని వాకిలి వైపు తిప్పి పెట్టేను,
దీపం వచ్చినవాళ్ళకే ముందు కనబడేట్టు.
కనబడితే
నెలకి ఒక్కసారే వస్తుంది.
ఆ ఒక్కసారీ గడప మీద కూర్చుంటుందో,
నిలబడే పోతుందో,

నా చేతిలో లేదు.