తేలిన కాయ

దామలచెరువు మండీ వెనక
సిమెంటు తొట్టి ముందు గోనెపట్ట మీద దేశమ్మ.
తోతాపురి కాయల్ని ఒక్కోటీ నీళ్లలోకి వదుల్తుంది,
చంటిబిడ్డకు నీళ్లు పోసేటంత నిదానంగా.

"మునిగితే పక్వం, తేలితే లేత. అంతే సారూ."

నా సంచిలో చిన్న తక్కెడ,
తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం.
ముప్పాతిక కిలో కాయ తేలింది.
గుప్పెట్లో పట్టేది బుడుంగుమంది.
బరువొకటే కాదు మరి,
తనకున్న కాస్త చోటులో
ఎంత కూరుకుందన్నది లెక్క.

పిల్లలకు చూపే ముందు నేను చూద్దామని
బకెట్లో ఉప్పు కలిపాను,
దోసెడు, ఇంకో దోసెడు, మరొకటి.
అడుగున పడుకున్న కాయ
ఒళ్లు విరుచుకుని పైకొచ్చింది.

దేశమ్మ చెయ్యి ఆగింది.
"కాయ అదే కదా సారూ?"
అదే. నీళ్లే చిక్కబడినాయి.

వేలు ముంచి నాకి చూసింది.
"మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన.
పదేండ్లు ఆడే ఏరినా.
ఎన్ని మంచి కాయల్ని లేతవని గంపకేసినానో!"

ఆ మాత్రం ఉప్పుకు తేలవులే
అనబోయి, గట్టిగా తెలీక, ఊరుకున్నాను.

పక్క గంపలోంచి, తేలిందని తీసేసిన కాయను
మళ్లీ తొట్టిలో వదిలింది.
ఇద్దరం వంగి చూస్తున్నాం.