ఓత్వం

కాశీనగరం వీధి మలుపులో
దాలమ్మ ఎండుచేపల గోనె పరిచే చోట
కూర్మనాథం కారు పడుకుంటోంది, మూణ్ణెల్లై.
తెల్లది. సీట్లకి పాలిథిన్ ఇంకా విప్పలేదు.
"రోడ్డు నీ అబ్బదా?" అని ఆవిడ,
"నీ అబ్బదా?" అని అతను.
ఎవరి అబ్బదో తేలకుండానే వానలు వెళ్ళిపోయాయి.

ముందు టైర్లో గాలి పోయింది. తర్వాత అద్దం.
నిన్న పొద్దున్న తలుపుల మీద, ఈ చివర్నుంచి ఆ చివరికి
మేకుతో గీసిన అక్షరాలు.

పోలీసుకి ఒడియా తప్ప రాదు.
కూర్మనాథానికి తెలుగు నోటిదాకానే వచ్చింది,
కంటిదాకా రాలేదు.
వీధంతా నా వైపు తిరిగింది:
"మేష్టారూ, ఏటి రాసుందండి?"

ఇది నా చొటు.

రెండేళ్ళు, రాత్రిళ్ళు, మా అరుగు మీద
యాభై దాటిన ఆ వేళ్ళని పట్టుకుని దిద్దించాను.
ఎన్నిసార్లు చెప్పినా ఓత్వానికి తోక పెట్టదు.
బళ్ళో తెలుగు లేని ఈ ఊళ్ళో
ఇంత పెద్ద అక్షరాలు
ఎవరూ రాయగా చూళ్ళేదు నేను.

"పిల్లల గీతలు. చదవడానికి రావడం లేదు," అన్నాను.
అబద్ధం తేలిగ్గానే వచ్చింది.
దాలమ్మ నెత్తళ్ళ తలలు తుంచుతోంది,
తన తల ఎత్తలేదు.

రంగులవాడు పర్లాకిమిడి నుంచి సోమవారం వస్తాడట.
ఇవాళ శనివారం.
తప్పు దిద్దకుండా పలక తిరిగిచ్చే అలవాటు
నాకెప్పుడూ లేదు.

పడుకున్నాక కూడా
చొక్కా జేబు తడుముకుంటున్నాను,
మేకు ఉందో లేదోనని.